నాలుగో తొట్టి నీళ్లు

పరిశోధన కేంద్రం, రెండో అంతస్తు
జూన్ 6

వదినా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడితే నువ్వు నమ్మవు. పని పడితే తప్ప నేను ఉత్తరం రాయనని నీకు తెలుసు. పని పడింది.

నాకు తొట్ల నీళ్లు కావాలి. అన్నయ్య పనిచేసే నార కార్ఖానాలో పన్నెండు తొట్లున్నాయి కదా, ఒక్కోదాంట్లోంచి ఒక్కో సీసా. గోగు కాడలు వేసిన పదో రోజున తీసిన నీళ్లయితే మంచిది. సీసా మీద తొట్టి నంబరు, తేదీ రాయి.

ఎందుకో చెప్తాను. కాడలో బెరడుని, నారని, లోపలి పుల్లని అతికించి పట్టుకునే జిగురు పేరు పెక్టిన్. కాడల్ని ఊరబెట్టినప్పుడు ఆ నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా ఎంజైములు వదులుతుంది. అవి ఆ జిగురుని కోసేస్తాయి, నార విడివడుతుంది. అన్నయ్య ఇరవై రెండేళ్లుగా గట్టు మీద నిలబడి ఎదురుచూస్తున్నది దానికోసమే. మీ దగ్గర పద్దెనిమిది రోజులు పడుతోంది. వేగంగా కోసే రకాన్ని పట్టుకుని, పెంచి, పొడి చేస్తే అందులో సగం చాలు.

మా డైరెక్టరు మార్చి దాకా గడువిచ్చాడు. ఈలోగా ఏమీ చూపించకపోతే నా బల్ల ఇంకొకరికి ఇస్తాడు. మూడేళ్లలో ఇద్దరి బల్లలు అలాగే ఖాళీ అయ్యాయి.

ఇంకో మాట. తొట్టి ఏ రోజు తెరవాలో అన్నయ్య ఎలా చెప్తాడు? చిన్నప్పుడు అడిగితే ‘చెయ్యి చెప్తుందే’ అనేవాడు. ఆ ముక్క కాగితంలో రాయలేను. వివరంగా నువ్వు రాయి.

నీ ఆడపడుచు


తొట్ల వెనక ఇల్లు
జూన్ 19

డాక్టరమ్మకి,

కిందటిసారి వచ్చినప్పుడు ఈ కంపుకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని రెండో రోజే బస్సెక్కావు. ఇప్పుడు అవే నీళ్లు సీసాలకెత్తి పంపమంటున్నావు. కాలం ఎంత మారిందో!

పన్నెండు సీసాలు పంపాను. మూతల మీద మైనం పోశాను. పార్శిల్ గుమాస్తా ‘లోపలేముందమ్మా’ అంటే ‘మా ఆడపడుచుకి సెంటు’ అన్నాను. పాపం, ముద్ర కొంచెం దూరం నుంచే వేశాడు.

మీ అన్నయ్య పని అడిగావు కదా. ఇక్కడ దాన్ని పట్టు చూడడం అంటారు. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి తొట్టిలో ముంచుతారు. పైన తేలే కట్ట ముట్టుకోరు, మధ్య కట్టలోంచి ఒక కాడ లాగుతారు. మొదలు నుంచి జానెడు వదిలి విరిచి నార పట్టుకుని లాగుతారు. కొసదాకా ఎక్కడా తట్టుకోకుండా జారి వచ్చిందా, అయిపోయినట్టు. కణుపుల దగ్గర ఆగిందా, ఇంకో పూట ఉండాలి. ఒకరోజు ముందు తెరిస్తే నారకి బెరడు అంటుకుని ఉంటుంది. ఒకరోజు ఆలస్యమైతే నారే తెగుతుంది.

పని అయినట్టయితే చెయ్యి పైకెత్తి ‘తెరవండి’ అంటారు. ఆ మాట కోసం, కాడల నుంచి నార ఒలిచే ఒలుపు వాళ్లు నలభై మంది ఎదురుచూస్తారు. యజమాని కూడా గొడుగు పట్టుకుని పక్కన నిలబడతాడు. ఆ మాట తప్ప మీ అన్నయ్యకి వేరే ఆస్తి లేదు.

నాలుగో తొట్టి ఎప్పుడూ మిగతావాటి కన్నా రెండు రోజులు ముందే అయిపోతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు.

నీ వదిన


పరిశోధన కేంద్రం
జూలై 30

వదినా,

నీ సెంటు సీసాలు నా నెత్తిన పాలు పోశాయి. నాలుగో నంబరు సీసాలో ఉంది నేను వెతుకుతున్నది. పెక్టిన్ జెల్లీ పోసిన పళ్లెంలో దాన్ని చుక్కలా పెడితే, తెల్లారేసరికి చుట్టూ జెల్లీని తినేసి గుండ్రంగా ఖాళీ చేసింది. మిగతా పదకొండు సీసాల్లోవి చేసిన ఖాళీకి అది మూడింతలు. డైరెక్టరు మొదటిసారి నా బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఒక్కటే చిక్కు. మనం ఒక పోగు అనుకునే నార నిజానికి ఒక పోగు కాదు. సన్నటి పొట్టి పోగులు ఒకదానికొకటి అతుక్కుంటే పొడవాటి నార అయింది. ఆ అతుకు కూడా పెక్టినే. బెరడు జిగురేదో, నార జిగురేదో ఎంజైముకి తెలియదు. మొదటిది అయిపోతే రెండోదాని మీద పడుతుంది. కాబట్టి ఎప్పుడు ఆపాలన్నదే అసలు సంగతి.

అందుకని యజమానిని అడిగి తొట్ల రిజిస్టరు నకలు తెప్పించుకున్నాను. ఇరవై రెండేళ్లలో అన్నయ్య అంచనా ఒక పూట కన్నా ఎక్కువ తప్పలేదు. నమ్మలేకపోయాను. కానీ మొన్న మే మూడో వారంలో మూడు తొట్లు ఒక్కో రోజు ఆలస్యంగా తెరిచారు. మూడింటి నారా రెండో రకం కింద పోయింది.

ఏం జరిగింది వదినా? అన్నయ్య ఒంట్లో బాగుందా? నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు? కడుపులోనే దాచుకుంటాను.

నీ ఆడపడుచు


తొట్ల వెనక ఇల్లు
ఆగస్టు 11

అమ్మాయీ,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. చదివాక చింపెయ్యి.

మీ అన్నయ్య వేళ్లకి స్పర్శ లేదు. రెండేళ్లయింది. ముందు చిటికెన వేళ్లు, తర్వాత మిగతావి. ఒకరోజు పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా పట్టుకుని దించి, నింపాదిగా బల్ల మీద పెట్టి, మూత సర్ది, నాతో మాట్లాడుతూ కూర్చున్నారు. బొబ్బలు లేచాక నేను చూసి అరిస్తే ‘ఏమైందే’ అన్నారు. డాక్టరు నరాలన్నాడు. మాత్రలు రాసిచ్చాడు, రాసిస్తూనే పెద్ద ఉపయోగం ఉండదన్నాడు.

వారం రోజులు ఆయనకి ముద్ద దిగలేదు. అప్పుడు నేనే అన్నాను, ‘రెండు పూటలా టీ పట్టుకుని నేనొస్తాను’ అని. అదే నడుస్తోంది. ఆయన వచ్చే ముందు గట్టు మీద కూర్చుని, చేతులు కడుక్కుంటున్నట్టు తొట్టిలో పెట్టి ఒక కాడ లాగి చూస్తాను. పట్టు వదిలితే ‘టీ చల్లారిపోతోంది’ అంటాను. వదలకపోతే ‘ఇంకా వేడిగానే ఉంది, ఆగండి’ అంటాను. తర్వాత ఆయన అందరి ముందూ చెయ్యి ముంచి, విరిచి, లాగి, చెప్పాల్సింది చెప్తారు. మేలో ఆ మూడు తొట్లూ ఆలస్యమైన వారం నాకు జ్వరం. మంచం దిగలేదు.

ఎవరికీ అనుమానం రాలేదు. ఒలుపు వాళ్ల మేస్త్రీ మాత్రం ఒకసారి ‘ఏం చెల్లెమ్మా, నీ టీ వేడి గురించి ఊరందరికీ చెప్పాలా’ అని నవ్వాడు. కనిపెట్టాడేమో. కనిపెట్టినా బయటపెట్టడు. అతనిదీ మీ అన్నయ్యదీ ఇరవై ఏళ్ల స్నేహం.

ఇల్లు గడవదని నా భయం కాదు. నేను ఒలుపుకి పోగలను. కానీ ఆ చెయ్యి పైకెత్తే పని పోతే ఆయన మనిషిలా మిగలరు. మా ఇద్దరి తర్వాత ఇది నీకే తెలుసు. నోరు జారకు.

నీ వదిన


పరిశోధన కేంద్రం
సెప్టెంబరు 2

వదినా,

నీ ఉత్తరం చింపేశాను.

అన్నయ్యకి ఒక లేపనం పంపుతున్నాను. రోజూ మణికట్టు నుంచి కిందికి రాయి. మీ యజమానికీ, మా డైరెక్టరుకీ ఈ నెలాఖర్లో సమావేశం ఉంది. నా నివేదిక అడిగారు. రాసే పనిలో తల మునకలై ఉన్నాను. అందుకే ఇంత పొట్టిగా రాశాను, ఏమీ అనుకోకు.

నీ ఆడపడుచు


తొట్ల వెనక ఇల్లు
అక్టోబరు 20

గౌరవనీయులైన ఆడపడుచు గారికి,

మీ నివేదిక ఇక్కడికి చేరింది. ఎలా చేరిందో రాస్తున్నాను. మీకు వివరాలంటే ఇష్టం కదా.

మంగళవారం పదకొండింటికి మీ అన్నయ్యని ఆఫీసు గదిలోకి పిలిచారు. నన్నూ పిలిచారు. యజమాని కుర్చీలో కూర్చున్నాడు, మేస్త్రీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఒలుపు వాళ్లు గుమ్మం దగ్గరా కిటికీ దగ్గరా గుంపు కట్టారు, యజమాని పొమ్మనలేదు. మీ అన్నయ్య కళ్లకి తువ్వాలు కట్టించి, అరచేతిలో ఒక్కో వస్తువు పెట్టి ఏమిటో చెప్పమన్నాడు. మొదట గుండుసూది పెట్టాడు. వేళ్ల మధ్య దొర్లించి ‘అగ్గిపుల్ల’ అన్నారు. సూది గుచ్చుకుని రక్తం వచ్చింది. ఆయనకి తెలియలేదు. కాగితాలకి మరక అంటిందని యజమాని విసుక్కున్నాడు. చివరికి ఒక నార పోగు పెట్టాడు, మూరెడు ఉంటుంది. మీ అన్నయ్య చెయ్యి చాపుకుని అలాగే నిలబడి, ‘ఊఁ, పెట్టండి’ అన్నారు.

కిటికీ దగ్గర నవ్వారు. ఒకరు కాదు, చాలామంది.

అప్పుడు యజమాని మీ కాగితం తీసి చదివాడు. ‘పరీక్షకుడి వేళ్లకు రెండేళ్లుగా స్పర్శ లేదు. తొట్టి తెరిచే నిర్ణయం అతని భార్య టీ వేడి గురించి చెప్పే మాటను బట్టి జరుగుతోంది.’ అవి నా మాటలు. మీరు సంధులు కలిపారంతే.

పట్టు చూసే పని తీసేశారు. తడి కట్టలు మోసే పని ఇచ్చారు. ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి ‘చెల్లాయికి ఎవరు చెప్పారు?’ అన్నారు. మేస్త్రీ రాసి ఉంటాడన్నాను. ఇంకేం అనమంటారు? మర్నాడు మేస్త్రీ పలకరిస్తే మీ అన్నయ్య అతని కాళ్ల ముందు ఉమ్మేశారు. మేస్త్రీ నా మొహం చూశాడు. చూసి ఊరుకున్నాడు.

లేపనం డబ్బా తిరిగి పంపుతున్నాను. మూత తీయలేదు.

ఇట్లు
పరీక్షకుడి భార్య


పరిశోధన కేంద్రం
నవంబరు 3

వదినా,

నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం చూపించు.

డైరెక్టరు ఒకటే ప్రశ్న వేశాడు: ‘ఇరవై రెండేళ్లుగా తప్పని చెయ్యి అక్కడ ఉండగా నీ పొడి ఎందుకు?’ నా దగ్గర జవాబు ఉంది. ఉండి కూడా చెప్పకుండా బల్ల ఖాళీ చేసి రావాలా? అన్నయ్య పేరు రాయలేదు. నీ పేరూ రాయలేదు. తువ్వాలు కట్టమని నేను చెప్పలేదు. మేస్త్రీ మీదికి నెట్టింది కూడా నేను కాదు, అది నీ చలవ. రెండేళ్లు నలభై మందిని మోసం చేసినవాళ్లు నాకు నీతులు చెప్తుంటే నవ్వొస్తోంది.

పని సంగతి. ఏప్రిల్‌లో పన్నెండు తొట్లలోనూ ఒకేసారి నా పొడి వేస్తారు. తొమ్మిది రోజులకి తెరుస్తారు. ఎనిమిదీ కాదు, పదీ కాదు. మధ్యలో ఎవరూ చేతులు పెట్టకూడదని, గట్టు మీదికి టీలు తేకూడదని రాసిచ్చాను. నీకు ఒలుపులో చోటు ఇమ్మని యజమానికి సిఫారసు చేశాను. కృతజ్ఞతలు అక్కర్లేదు.

నీ ఆడపడుచు


తొట్ల వెనక ఇల్లు
ఏప్రిల్ 13

డాక్టరమ్మకి,

అయిదు నెలలు అలిగాను, ఇక చాలు. ఉన్న ఒక్క ఆడపడుచుతో ఎన్నాళ్లని?

నువ్వు ఇప్పించిన ఒలుపు పనిలో చేరాను. ఎనిమిదో తేదీన నీ పొడి వేశారు. మైదాపిండిలా ఉంది. యజమాని స్వయంగా చల్లాడు, ఫొటో తీయించుకున్నాడు. పదిహేడున తెరుస్తారని గేటు మీద బోర్డు పెట్టారు. నువ్వు చెప్పినట్టే ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. మీ అన్నయ్య కట్టలు మోస్తున్నారు, భుజం కాయ కాచింది.

ఇక్కడ ఎండలు ఈసారి ముందే ముదిరాయి. ఆరేసిన బట్టలు గంటలో ఆరిపోతున్నాయి. తొట్టి గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోతున్నాం. మీ గదుల్లో చల్లగానే ఉంటుందిలే.

నీ వదిన


పరిశోధన కేంద్రం
ఏప్రిల్ 24

వదినా,

మీ యజమాని మనిషిని పంపాడు. వాడు నా బల్ల మీద గోనెసంచి దించి, ముడి విప్పి, ‘ఇదిగోనండి మీ నార’ అన్నాడు. చేత్తో ఎత్తాను. నానిన కాగితంలా ఊడి కింద పడింది. పన్నెండు తొట్లదీ ఇదే గతి అట. డైరెక్టరు గుమ్మంలో నిలబడి చూశాడు.

ఇక్కడ మేం నీళ్లని ముప్పై డిగ్రీలు దాటనివ్వం. తొమ్మిది రోజులన్నది ఆ వేడికి, నీళ్లు ఇంకా వేడెక్కితే పని ముందే అయిపోతుంది. నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. ఎండలు, గట్టు, బట్టలు. నువ్వు నాకు చెప్పావు! చెప్పినట్టు ఉండకుండా చెప్పావు. నేను కబుర్లనుకున్నాను.

నీ చేతికి తెలుసు. రెండేళ్లు నువ్వే చూశావు. తొట్టి పక్కనే ఉండి నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఎందుకు చెప్పలేదు?


తొట్ల వెనక ఇల్లు
మే 2

డాక్టరమ్మకి,

ఏడో రోజు పొద్దున, బోర్డు పెట్టిన వాచ్‌మన్ అటు తిరిగినప్పుడు, నాలుగో తొట్టిలో చెయ్యి పెట్టాను. కాడ విరవనక్కర్లేదు, నార దానంతటదే జారి వచ్చింది. ఒకటో తొట్టి చూశాను, తొమ్మిదోది చూశాను. అన్నీ అయిపోయాయి. ఆ పూట తెరిచి ఉంటే ఈ చుట్టుపక్కల ఎవరూ చూడనంత మంచి నార వచ్చేది. అది నీ గొప్పే, కాదనను. చెయ్యి తుడుచుకుని నా చోటికి వెళ్లి కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదంటావు. చెయ్యి పెట్టకూడదని రాసింది నువ్వు. పెట్టానని ఎలా చెప్పను?

తొమ్మిదో రోజు పదింటికి తెరిచారు. యజమాని మెడలో కెమెరా వేసుకుని వచ్చాడు. మొదటి కట్ట మీ అన్నయ్యే ఎత్తారు. సగం కట్ట చేతుల్లో ఉండగానే మిగతా సగం నీళ్లలోకి జారిపోయింది. ఆయన నావైపు చూసి ‘నీకు తెలుసా?’ అన్నారు. తెలియదన్నాను. కార్ఖానా మూసేశారు. ఒలుపు వాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. మేస్త్రీని కూడా పంపేశారు.

పై నెల మళ్లీ తెరుస్తారట, పాత పద్ధతిలోనే. నువ్వొక కాగితం రాయి. పరీక్షకుడి వేళ్లు పరీక్షించాననీ, పూర్తిగా నయమయ్యాయనీ, చేతి పరీక్ష లేకుండా తొట్టి తెరవకూడదనీ. నీ సంతకం, మీ కేంద్రం ముద్ర. నేను మళ్లీ టీ పట్టుకెళ్తాను. ఆయన పని ఆయనకి వస్తుంది. అప్పుడు మన ఇద్దరికీ చెల్లు.

నీ వదిన


అద్దె గది, మూడో వీధి
మే 8

వదినా,

చిరునామా మారింది, గమనించు. నా బల్ల ఖాళీ చేశాను. నాలుగో తొట్టి రకాన్ని నా తర్వాత వచ్చినవాడికి ఇచ్చారు. వాడు దాన్ని చల్లటి నీళ్లలో పెంచుతున్నాడు.

నువ్వడిగిన కాగితం రాయలేదు. రాసినా ముద్ర లేదు. దానికి బదులు అన్నయ్యకి రెండు కాగితాలు పంపాను, ఆయన పేరు మీద, రిజిస్టరు పోస్టులో, సంతకం పెడితే గానీ ఇవ్వకుండా. ఒకటి నువ్వు ఆగస్టులో రాసింది, టీ సంగతి ఉన్నది. చింపేశానని నీకు చెప్పాను కదా, చింపలేదు. రెండోది మొన్నటిది, ఏడో రోజు నువ్వు చెయ్యి తుడుచుకున్న సంగతి. నా మాట ఒక్కటీ కలపలేదు. రెండూ నీ దస్తూరీయే, అన్నయ్య గుర్తుపడతాడు.

సోమవారం అందుతాయి. నీకు ఈ ఉత్తరం శనివారమే అందుతుందని లెక్క కట్టి వేశాను. ఆదివారం అంతా నీ చేతిలో ఉంటుంది. ముందే నువ్వే చెప్పుకుంటావో, సోమవారం దాకా ఆగుతావో నీ ఇష్టం.

నీ ఆడపడుచు


బస్టాండు పక్కన పోస్టాఫీసు
మే 16

చెల్లాయికి,

నేను ఉత్తరాలు రాసేవాణ్ని కాదు. పెన్ను వేళ్ల మధ్య ఉందో లేదో కళ్లతో చూసుకుంటూ రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వు పంపిన రెండూ అందాయి. మీ వదిన ఆదివారం ఏమీ చెప్పలేదు. రెండుసార్లు భోజనం వడ్డించింది, అంతే.

మీ ఇద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. చేతుల్లో స్పర్శ పోయిన ఆ ఏడే నేను వాసన పట్టడం నేర్చుకున్నాను. తొట్టి మొదట పచ్చిగడ్డి వాసన వేస్తుంది, తర్వాత పులుపు, ఆఖర్న ముక్కిపోయిన వెన్న వాసన. ఆ వెన్న వాసన పలచబడిన పూట తెరవాలి. మీ వదిన టీ గురించి నోరు విప్పకముందే నాకు తెలిసేది. మా ఇద్దరి మాటా ఏనాడూ వేరు కాలేదు. కిందటేడు మేలో ఆ మూడు తొట్లు ఆలస్యమైన వారం దాని జ్వరం నాకూ అంటుకుని జలుబు చేసింది, ముక్కు మూసుకుపోయింది. అంతే జరిగింది. ఆ సంగతి మీ వదినకి చెప్పలేదు. రోజుకి రెండుసార్లు గట్టు మీదికి వస్తోంది కదా, రానీ అనుకున్నాను.

ఆఫీసు గదిలో కళ్లకే గుడ్డ కట్టారు. ముక్కు బయటే ఉంది. పన్నెండు సీసాలు వరసగా పెట్టి ఏది ఎన్నో రోజు నీళ్లో చెప్పమంటే చెప్పేవాణ్ని. అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్తే అదీ నీ కాగితంలోకి ఎక్కేది.

నీ పొడి వేసిన ఆరో రోజు సాయంత్రమే వాసన పలచబడింది. భుజం మీద కట్ట పెట్టుకుని పన్నెండు తొట్ల పక్కనుంచీ నడిచాను. మీ వదిన కన్నా ఒక పూట ముందే నాకు తెలుసు. గేటు మీద బోర్డు చదివి ఇంటికి వెళ్లాను. ఒలుపు వాళ్లు నలభై మంది రోడ్డున పడ్డారని దాని ఉత్తరంలో ఏదో బాధ ఉంది. నాకు లేదు. వాళ్లలో ఎంతమంది కిటికీ దగ్గర నవ్వారో నేను గొంతులు పోల్చుకున్నాను.

మేస్త్రీ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. లోపల మనుషులున్నారు. తీయలేదు. గడప ముందు చాలాసేపు నిలబడి వచ్చేశాను.

సంచి సర్దుకుంటూ మీ వదినకి ఈ వాసన సంగతి చెప్పాను. కూర్చుండిపోయింది. నాలుగు గంటల ప్రయాణంలో ఇంకో నార కార్ఖానా ఉంది. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు లేరు, నా చేతుల సంగతి చెప్పేవాళ్లూ లేరు. ఒక్కణ్నే వెళ్తున్నాను. చిరునామా ఇవ్వడం లేదు.

మీరిద్దరూ ఒకరికొకరు రాసుకుంటూ ఉండండి. ఇద్దరూ బాగా రాస్తారు.

అన్నయ్య